ఐదో మాట

నా నెత్తి లోపలి బొమ్మను
తెర మీద చూపించిండు డాక్టరు.
ఎడమ చెవికి బెత్తెడు పైన
నల్లదారం ఉండ.
పుట్టుకతోటి వచ్చిందట. నలభై రెండేండ్లు
నాతోనే తిన్నది, నాతోనే పన్నది,
నాతోనే విమానమెక్కి
మనామా గల్లీల పదకొండేండ్లు తోబులు కత్తిరించింది.
నరాల చిక్కు, అన్నడు.
దర్జీకి చిక్కంటే ఏందో చెప్పాల్నా?
గుంజితే బిగుస్తది.
"కొస దొరుకుతదా సార్?" అనడిగిన.
ఆయనకు తెలుగు రాదు.

కోసే ముందట తెలివిని కొలవాలన్నరు.
మెడ, భుజం, చెయ్యి, మడిమ దాక
ఎంతమందిని కొలిచిన నేను!
నన్ను కొలవనీకె డాక్టరమ్మ వచ్చింది,
టేపు లేదు, ఒక కాయితం, ఒక పెన్సిలు.
తర్జుమాకు ఎవ్వరు దొరకక
వరండా తుడిచే ఎల్లవ్వను పిలిచిండ్రు.
మెట్‌పల్లి దిక్కు మనిషి.
తుడుపుకట్టె గోడకు ఆనిచ్చి
కుర్చీ అంచు మీద కూసున్నది.

ఐదు మాటలు చెప్తరు, యాది పెట్టుకోవాలె.
పడవ. ఉల్లిగడ్డ. గొడుగు. తాళంచెవి.
ఐదోది గూడ ఆ దినం గడగడ చెప్పిన.
నూటిల నుంచి ఏడేడు తీసేయమంటే
ఆగకుంట రెండు దాక దిగిన.

తర్వాత ఏడు గంటలు నేను లేను.

లేచినంక వేలితోని తడిమి చూసుకున్న,
కుట్లు ఒక్క తీరుగ ఉన్నయ్.
కుట్టినోడు పనిమంతుడే.

రూం దోస్తులు ఖర్జూరాలు పంచిండ్రు,
బతికినవు గదా, ఇంకేం గావాలె అన్నరు.
నేను బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్సేటోన్ని,
ఎందుకో నాకే తెల్వది.
దుకాణంల కత్తెర చేతిల పట్టుకొని
దాని పేరు కోసం ఎతికిన.
మెడ పదిహేనున్నర అని గిరాకీ చెప్తే
తలుపు దాటకముందే మర్చిపోయిన.
గుండీలు కుట్టే షఫీఖ్ మీదికి
ఇస్త్రీపెట్టె ఇసిరిన. తగలలేదు.
తగిలి ఉంటే?
ఇంటికి ఫోన్ చేస్తే "మంచిగున్న" అంటుంటి,
ఆ ఒక్క మాటను మాత్రం ఏ కత్తీ ముట్టలేదు.

మూడు నెలలకు మళ్ల కొలత.
అదే డాక్టరమ్మ, అదే ఎల్లవ్వ.
ఐదిట్ల మూడే వచ్చినయ్.
డాక్టరమ్మ పెన్సిలు పక్కకు పెట్టింది,
మెల్లగ ఏందో అడిగింది.
ఎల్లవ్వ తన అరచేతులు చూసుకున్నది.
చానసేపటికి,
"ఇంటికి పోబుద్ధి అయితుందా తమ్మీ?"
"రోజూ" అన్న.
అది ఇన్న డాక్టరమ్మ మొఖం మారింది,
కిటికీ దిక్కు చూసింది, ఫోను ఎత్తింది.
కొలత ఎక్కడనో తప్పింది.
"అక్కా, ఆమె అడిగిందేంది?"

"ఆ మాట నా నోటికి రాలే తమ్మీ."
కొంగుతోని మూతి తుడుసుకొని
అప్పుడడిగింది,
"సావాలనిపిస్తుందా?"

భార్య అడగలే. సేటు అడగలే.
బతికినవని పండ్లు పంచినోళ్లు అడగలే.
నా భాషల ఆ మాట
ఎవ్వరి నోటి నుంచి రాలే, అప్పటిదాంక.
"రోజూ కాదక్కా. శుక్రారాలు.
దుకాణం బంద్ ఉంటది గదా."

ఉన్నది ఉన్నట్టు చెప్పింది ఈసారి,
సగం హిందీ, సగం అరబ్బీ, తక్కువ వడ్డది చేతులతోని.

ఇప్పుడు పొద్దుకొక గోలీ,
నెలకు రెండు మాట్ల డాక్టరమ్మ.
శుక్రారం నాలుగింటికి ఎల్లవ్వ ఫోను.
తాళంచెవి మొన్న బస్సుల యాదికొచ్చింది,
ఇంకొక్కటి రాలేదు.
"నువ్వే చెప్పినవు గదక్కా ఆ ఐదు మాటలు,
ఐదోది ఏంది?"
అవుతల చప్పుడు లేదు. చాన సేపు.
"నాకూ యాదికి లేదురా" అన్నది,
"మరి నా నెత్తిని ఎవడు కోసిండని?"