బన్నుల పొయ్యి

కావలి బైపాసు పక్కన మా లేతు షెడ్డులో
మూతపడ్డ బేకరీ నుంచి కొన్న పొయ్యి ఒకటుంది.
ఇప్పటికీ వేడెక్కితే
ఏ సందులోంచో యాలకుల వాసన వస్తుంది.
మేం కాల్చేది బన్నులు కాదు,
రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే చక్రాలకి
తెల్లటి నైలాన్ పలకలు.

దస్తగిరన్న అనేవాడు:
"నున్నగుందని మోసపోబాకబ్బయా.
పుట్టినప్పుడే దాని లోపల
బిగబట్టిన ఊపిరుంటది.
పైపొర నువ్వు చెక్కేసినాక
దానికి సందు దొరికినట్టే."

నిజమే.
సాయంత్రం వెర్నియర్‌కి సరిపోయిన పలక
తెల్లారేసరికి
ఒక మూల ఎత్తి చూస్తా ఉంటుంది.

అందుకే ముందు ముతకగా కోసి,
అర మిల్లీమీటరు మిగిల్చి,
ఇసుక పరిచిన ట్రేలో పడుకోబెట్టి
గంటకి పదిహేను డిగ్రీలు.
పదహారైతే ఒప్పుకోడు.
నూట యాభై దగ్గర బీడీ ముట్టించి
"ఇంక దాని పని అది చూసుకుంటది" అని
బయట నులకమంచం మీద వాలేవాడు.
ఎక్కడానికి పట్టినంతసేపూ దిగడానికీ పట్టాలి.
అందాకా తలుపు ముట్టుకోకూడదు.

ఆ రాత్రి అన్న కసుమూరు గంధానికి పోయాడు.
జువ్వలదిన్నె నుంచి పెంచలయ్య ఫోను:
"ఆరు చక్రాలు ఆగిపోయుండాయి సామీ,
రొయ్య పైకి తేలి నోరు తెరస్తా ఉండాది,
తెల్లారేలోపు ఇయ్యాల."
ముల్లు నూట పది మీదుంది.
తలుపు తీశాను.

యాలకుల వాసన, మొహం మీద కొట్టినట్టు.
వెనకే టిక్కుమని ఒకటి,
ఇంకొకటి,
చలికి పళ్లు తగులుకున్నట్టు.

పన్నెండు పలకలూ అప్పడాలు.
మిగిల్చిన అర మిల్లీమీటరు
వాటి వంకరకి ఏ మూలకీ చాల్లేదు.

పొద్దున అన్న వచ్చి
చీమకుర్తి రాతిబండ మీద ఒక పలక పెట్టాడు.
మూల మీద వేలితో నొక్కాడు. ఊగింది.
తిట్టలేదు.
పెంచలయ్య గుంట ఏమైందని అడిగాడు.
"సగం పోయినాయన్నా."
చెవి మీది పెన్సిలు తీసుకుని
కొత్త షీటు మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు,
గంధం పెట్టిన వేలు ఇంకా పసుపు పచ్చగానే ఉంది.

ఇప్పుడు షెడ్డు నేనే చూస్తున్నాను.
ఆ పన్నెండింట్లో ఒకటి
నా బల్ల మీద, కరెంటు బిల్లుల పైన ఉంటుంది.
మద్రాసు లారీ పోయినప్పుడల్లా
ఒక మూల మీద ఊగుతుంది.
పనిలో ఉన్నా, అది ఆగేదాకా చూస్తాను.