దారం కట్టిన పెన్సిల్

పరకాల శాఖా గ్రంథాలయంల
బల్లకు దారంతోని కట్టిన పెన్సిల్,
పక్కన నోటుబుక్కు:
మీకేం పుస్తకం కావాలె?

మొగిలి రాసిండు: మిరపతోటల నల్ల తామరపురుగు పోవుడెట్ల.
బీడీలు చేసే కనకలక్ష్మి: పెద్దక్షరాలది, ఏడ్పించనిది.
పేరు రాయని పిల్లగాడు: చంద్రుని మీద బాయి తవ్వొచ్చా?

ఈ యేడు పుస్తకాలు ఏరుడు ఏజెన్సీకిచ్చిండ్రు.
ట్రాలీ ఆటోల అట్టపెట్టెలు దిగినయ్.
ఒకటే గైడు పదకొండు,
కోటీశ్వరులయ్యే ఉపాయాలు ముప్ఫై,
సముద్రపు రొయ్యల పెంపకం ఒకటి.
బిల్లుల తప్పేం లేదు. సంతకం పెట్టిన.

పొద్దుగూకంగ మొగిలొచ్చిండు.
"వచ్చిందా సార్?"
రొయ్యల పుస్తకమే తీసుకొని
బొమ్మ బొమ్మకు ఆగుకుంట చూసిండు.
పోయేముందు ఆ పెన్సిలే పట్టి
మళ్ల అదే పురుగు పేరు రాసిండు
ఒత్తి ఒత్తి,
కింది మూడు పేజీలకు అచ్చు దిగేటట్టు.