మూడో కిటికీ చప్పుడు

జయపురంలో రైసుమిల్లు వెనక రేకుల షెడ్డు.
మా ముక్కు బస్సుకి ఈ ఏటికి డెబ్బయ్యో, డెబ్బయ్యొకటో.
కాయితాల్లో ఒకటుంది, ఛాసిస్ మీద ఇంకొకటి.
పొట్నూరు సింహాద్రప్పడు ఉండుంటే
ఈ తగువుకి ఒక సాయంత్రం చాలేది కాదు.

విశ్వకర్మ పూజనాడు బయటికి తీస్తాం.
ముందు హేండిల్ తిప్పాలి.
"బొటనవేలు చుట్టూ వెయ్యకు బావూ,
ఇంజను ఎదురు తన్నిందంటే మణికట్టు నీది కాదు"
అనేవాడు ఖలీల్ మేస్త్రీ. ఆయనకి రెండుసార్లు విరిగింది.
ఇప్పటికీ ఆ ఇనుము పట్టుకోగానే
నా బొటనవేలు దానంతటది పక్కకి తప్పుకుంటుంది.

పేర్లు రాసింది నిరంజన్ పాఢీ.
ఎడమ పక్క ఒడియా, కుడి పక్క తెలుగు.
'సాలూరు'లో దీర్ఘం మింగేశాడు.
దిద్దమంటే, "మా వీధిలో ఇలాగే పిలుస్తారు" అన్నాడు.
మొన్న రంగు వేసినప్పుడు
ఆ తప్పు చుట్టూ టేపు అంటించి, దాన్ని తప్పుగానే కాపాడుకున్నాం.

కండక్టరు లచ్చుమయ్య గారి భార్య గున్నమ్మ
ప్రతి ఏడూ అందరికంటే ముందే ఎక్కి కూర్చుంటుంది.
బస్సు వెళ్ళేది ఘాటీ మొదటి మలుపు దాకానే.
అయినా చిల్లర లెక్కపెట్టి "సుంకికి ఒకటి" అంటుంది.
"పెళ్ళామైతే ఏటి, టికెట్టు టికెట్టే" అని
నలభై ఏళ్ళు కొట్టిన మనిషి మరి.
పంచు ఇప్పుడు నా చేతిలో ఉంది.
చిల్లు నేను కొట్టినప్పుడు ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తుంది.

మూడో కిటికీ మాత్రం
దండపాణి మహారాణా వదిలేసిన పని.
గేరు మారితే చాలు, టకటకటక, పళ్ళు కొరికినట్టు.
అడిగితే చెక్క మీద అరచెయ్యి వేసి,
"ఈ వానలు పోనీ, కర్ర ఎండనీ, చూద్దాం" అనేవాడు.
ఆయన లేకుండా మూడు వానలు పోయాయి.

ఈసారి కొత్తగా చేరిన కుర్రాడు ప్రీతం
రబ్బరు ముక్క దూర్చి, రెండు మరలు బిగించాడు.
బస్సు నిశ్శబ్దంగా ఎక్కింది.
అందరూ వాడి భుజం తట్టారు. నేనూ తట్టాను.
మలుపు దగ్గర చల్లగాలి వచ్చింది.
వెనక్కి తిరిగితే
ఇన్ని ఖాళీ సీట్లున్నట్టు అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి షెడ్డు తాళం నా దగ్గరే.
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని మరలు విప్పాను.
రబ్బరు ముక్క జేబులో వేసుకున్నాను.

పొద్దున్న బస్సుని కడగడానికి వెనక్కి తీస్తుంటే
టకటకటక.
ప్రీతం కిటికీని చూశాడు, తరవాత నన్ను చూశాడు.
నేను వెళ్ళి చెక్క మీద అరచెయ్యి వేశాను.
"ఈ వానలు పోనీరా," అన్నాను,
"కర్ర ఎండనీ, చూద్దాం."