గుంజిన కొద్ది

పొద్దుగాల బాగనే ఉంటది.
ఎనిమిదింటికి చేను గట్టు మీద బొక్కెన దించితే
ఎర్రమట్టిని పెరుగన్నం లెక్క ముద్దలు తీస్తది.
పదకొండు దాటిందా,
సగం లేశి ఆగుతది.
లీవరు నా దిక్కు గుంజుకుంట
నేనే సీట్లకెల్లి లేస్త,
బొక్కెన లేవది.

మూడు రోజులాయె.
సారక్క పైపులైను కాలువ
నూటిరవై గజాలల్ల నలభై కాడనే నిలవడ్డది.
ఆమె ఏమనది.
మిర్ప నారు మీద తడిగోనె కప్పి
మబ్బు దిక్కు చూస్తది, బండి దిక్కు చూస్తది.
తిట్టినా బాగుండు.

రాజిరును కొట్టిన నేను.
"నూనె చూడుమంటే ఏడ చూసినవ్‌రా" అని
వీపు మీద ఒక్కటి.
వాడు గేజు పుల్ల గుంజి చూపెట్టిండు,
రెండు గీతల నడుమ నూనె తళతళ.
అప్పటికే చెయ్యి దిగింది.

వరంగల్ పంపుల దుకాణపాయన
ఫోన్లనే తీర్పు చెప్పిండు:
"పంపు పోయింది. ముప్పై ఎనిమిది వేలు."
బండికి ఇంక పందొమ్మిది కిస్తీలున్నయి.
ఆ రాత్రి దోమతెరల
నేనూ ఆ రెండు అంకెలూ పండుకున్నం.

నెక్కొండ రైలు గేటు పక్కకు అంకూస్ షెడ్డు.
తలకు రుమాలు, చెవుల సగం బీడీ.
పానా ముట్టలే.
"ఇప్పటిదాక ఏం జేసినవ్?" అన్నడు.
ఫిల్టరు మార్చిన.
రిలీఫు వాల్వు విప్పి కిరసనాయిల్ల కడిగిన,
స్ప్రింగు మంచిగనే ఉన్నది.
సిలిండరు సీళ్ళు పోయిన ఏడు వేసినయే,
బూము లేపి బంజేస్తే జారుతలేదు.
"నూనెల నురుగు?"
లేదు.
"మరి ఛాయ్ తాగుదాం. వేడెక్కనియ్యి."

గంటన్నర.
గూడ్సు పోయింది, గేటు లేసింది,
బర్ల మంద దాటింది, మళ్ళ గేటు పడ్డది.
ఇంజిను నడుస్తనే ఉన్నది,
డీజిలు కాలుడు నా కడుపుల వినవడ్డది.

అప్పుడు పంపు ఏడుపందుకున్నది
సన్నగ, పొదుగు దొరకని దూడ లెక్క.
అంకూస్ పంపు దిక్కే చూడలే.
ట్యాంకికెల్లి పంపుకు వొయ్యే లావు పైపు మీద
అరచెయ్యి ఆనిచ్చిండు.
"పొల్లగా, నువ్వు రా" అని
రాజిరు చెయ్యి పట్టి అక్కడ్నే పెట్టిచ్చిండు.
వాడు కండ్లు మూసుకున్నడు.
"మెత్తగైంది," అన్నడు. "లోపటికి పోతాంది."

బంజేసి, సల్లారినంక విప్పి
కత్తితోని నిలువుగ చీరిండు.
పైన నల్లగ నిగనిగ, నిన్న కొన్నట్టు.
లోపలి పొర ఊడి
నాలుక లెక్క ఏలాడుతున్నది.
సల్లగున్నప్పుడు గోడకు అతుక్కోనుంటదట,
కాక తాకితే అడ్డం పడతదట.
పంపు ఎంత గుంజితే అంత మూసుకుంటదట.
"దానికి బలం తక్కువ లేదు మొగిలీ,
అందుతలేదు."

పైపు ఆరు నూర్ల యాభై, తీగ చుట్టిన రకం.
క్లాంపులు రెండు, అరవై.
మజూరి అడిగితే
"ఛాయ్ నువ్వే తాపిచ్చినవ్ గద" అని
వంద తీసుకున్నడు.

తెల్లారి మద్యాన్నం రెండింటికి, ఎండ మాడుతుంటే,
ఆడుతున్న బండి మీదికెల్లి దిగిన.
రాజిరుకొక మాట చెప్పాల్నని
పొద్దటి సంది లోపల గుంజుతనే ఉన్న.
గుంజిన కొద్ది గొంతు మూసుకుంటాంది.
"కూసో" అన్న.
"నేనా?"
"నువ్వే. లీవరు మెల్లగ."

వాడు మెల్లగ గుంజలే.
బొక్కెన ఒక్క ఊపున లేశి
గంపెడు మట్టి సారక్క చెప్పుల మీద కుమ్మరిచ్చింది.
నాలుగు రోజులకు ఆమె నోరు తెరిచింది:
"కండ్లు కనవడ్తలెవ్వారా, పోరడా!"