రెండు మూరల నీరు

సెప్టెంబరు చివర, ట్సేసిస్ ఊరి బయట,
నేను నర్సరీ గేటు తెరిచే వేళకే
ఇల్మార్స్ వచ్చి నిలబడి ఉన్నాడు.
రైల్వేలో ముప్పై ఏళ్ళు సిగ్నళ్ళు చూసిన మనిషి.
చిన్నప్పుడు వస పోయడం మరిచారేమో,
మాటకీ మాటకీ మధ్య
ఒక గూడ్సు బండి దాటిపోవాలి.
జేబులోంచి మడతల కాగితం తీసి చూపించాడు.
నీలం కలువ. అరచేతికన్నా పెద్దది.
"ఇది కావాలి, వెల్టా."

ఉంది నా దగ్గర,
గాజు గదిలో, హీటరు పక్కన,
కరెంటు బిల్లు తింటూ.
అయినా అమ్మనన్నాను.
"మడుగు లోతెంత?"
"మోకాలిదాకా."
"మీ మోకాలా, కొంగ మోకాలా?"
నవ్వలేదు.
వంగి తన మోకాలు చూసుకున్నాడు.

చెప్పాను:
జనవరిలో మంచుగడ్డ పైపైన ఆగదు,
కిందికి తవ్వుకుంటూ వస్తుంది,
జానెడు, ఇంకో జానెడు,
ఏదో పారేసుకున్నట్టు.
దానికి వేరు దొరక్కూడదు.
ఎంత మొండి కలువైనా సరే
రెండు మూరల కింద, బురదలో,
పడుకోను చోటుంటేనే బతుకుతుంది.

తొట్ల వెంట నడిపించాను.
ఇదిగో వస, ఆకు నలిపి చూడండి.
చలికి ఆకంతా కుళ్ళిపోతుంది,
దుంప మాత్రం అల్లం కొమ్ములా బిగుసుకుని ఉంటుంది.
ఈ కత్తుల ఆకులదానికి కుండీ కూడా అక్కర్లేదు.
చలి వాసన తగలగానే
తనంతట తనే అడుగుకి దిగిపోతుంది,
ఎవరితోనూ చెప్పదు.
ఎండలు ముదిరితే పైకొస్తుంది,
అప్పుడూ చెప్పదు.
(ఇది ఆయనకు నచ్చినట్టుంది,
చెయ్యి పెట్టి గీరించుకున్నాడు.)
జమ్ము మాత్రం అడక్కండి,
మూడేళ్ళలో మడుగు దానిదవుతుంది,
మీరు అద్దెకుంటారు.
ఇది పురేనె.
గౌయా నది పక్క గుంటల్లో ఊరికే దొరుకుతుంది,
దీనికి నేను డబ్బు తీసుకుంటాను,
సిగ్గు లేదు నాకు.

ఆఖర్న ఒక కుండీ చేతిలో పెట్టాను.
నల్లటి బురద. అందులో
కాలిన కర్రముక్కలాంటి దుంప.
"తెల్ల కలువ."
"చచ్చిపోయింది కదా."
"లేదు. మానేసింది."
"ఏం మానేసింది?"
"పని."
చాలాసేపు చూశాడు దాన్ని.
తర్వాత పర్సు తీశాడు.

మూడో రోజు ఫోను.
మడుగు తోడేసి మళ్ళీ తవ్వుతున్నాడట,
ఇంకో మూర.
అక్కడ ఒకప్పుడు
స్కైద్రీతె బంగాళదుంపల మడి ఉండేదట.
స్కైద్రీతె ఎవరని నేనడగలేదు.
పారకి ఒక దుంప తగిలిందట,
గోలీకాయంత,
తెల్లటి మొలకతో.
"ఆ మడి ఎవరూ తాకి ఆరేళ్ళు," అన్నాడు.
ఆ తర్వాత లైన్లో
గాలి చప్పుడొక్కటే.
"దాన్ని నీళ్ళలో వెయ్యకండి," అన్నాను,
ఇంకేమనాలో తోచక.

ఫిబ్రవరిలో అటు వెళ్తూ బండి ఆపి
కంచె మీంచి తొంగి చూశాను.
పెరడంతా తెలుపు.
మడుగు ఎక్కడుందో ఆనవాలుగా
మంచులో సగం కూరుకుపోయిన ఎర్ర రబ్బరు బంతి,
నేను పెట్టమన్నదే,
గడ్డ పూర్తిగా మూసుకోకుండా.
ఇంటి తలుపు నుంచి బంతి దాకా
ఒకే బూట్ల జాడ,
తొక్కీ తొక్కీ గట్టిపడిన బాట.
తలుపు తట్టలేదు నేను.

మే నెల. పురేనె పూసిందట,
పసుపు మరీ ఎక్కువగా ఉందని ఫిర్యాదు.
వస మొనలు తేలాయట.
కత్తుల ఆకులవాటిలో ఒకటి పైకొచ్చిందట,
రెండోది ఇంకా ఆలోచిస్తోందట.
"కలువో?"
"ఇంకా పనిలోకి రాలేదు."
"జూన్ దాకా ఆగండి."
"ఆగుతాను. నేను మాత్రం
ఎక్కడికి వెళ్ళాలి?"

ఫోను పెట్టేయబోతూ
"ఆ బంగాళదుంప," అన్నాడు.
ఒక గూడ్సు బండి దాటింది.
"ఏప్రిల్లో కుండీలో పెట్టాను.
మూడు ఆకులు."