రెండున్నర

తెల్లారుజామున మూడున్నరకి బెనిఫిట్ షో.
గాంధీనగర్ వీధినిండా కాగితం ముక్కలు,
పాలు కారిన కటౌటు కాళ్ల దగ్గర చీమలు.
ఆట వదిలాక ఏలూరు కాలవ పక్కన
స్కూటర్ సీటు మీద ప్యాడ్ పెట్టుకుని రాశాను:

ఇద్దరు ప్రేమించుకుంటారు. బ్యాంకు దోస్తారు.
హైవే పొడుగునా పారిపోతారు.
నాలుగు హత్యలయ్యాక కూడా
హీరో చొక్కా నలగలేదు.
నటించింది రోడ్డొక్కటే.

చివరి వాక్యం నాకే ముద్దొచ్చింది.
రెండున్నర వేశాను.
రెండు కెమెరామన్‌కి.
ఆ అర, మా ప్రకటనల విభాగం మొహం చూసి.

మర్నాడు పేపరు పడ్డ గంటకి
డిస్ట్రిబ్యూటర్ పిచ్చేశ్వరరావు ఫోన్:
"తెనాలి, బందరు, గుంటూరు కొన్నానయ్యా,
మా ఆవిడ గాజులు కూడా ఉన్నాయందులో."
తిట్టలేదు.
తిడితే బావుండేది.

ఆటోనగర్‌లో క్లచ్చి వైరు వేస్తూ
సుభానీ ఒక్క ముక్కలో తేల్చేశాడు:
"కంచికచర్ల దాటాక టైరు మార్చాడు గదండీ,
నట్లు బిగించకుండానే బండి పోనిచ్చాడు.
ఇంక ఆడి ప్రేమేం నమ్ముతాం?"
నా నాలుగు కాలాల సమీక్షలో
ఆ నట్లు లేవు.

సాయంత్రం మళ్లీ థియేటర్‌కే వెళ్లాను,
పనేం లేదు.
సైకిల్ స్టాండులో టోకెన్లిచ్చే శౌరమ్మ
నిన్నట్నించి ప్రతి ఆటకీ
ఒక్క సీను కోసం లోపలికెళ్లొస్తోందట.
ధాబా వెనక, పంపు దగ్గర,
ఆ పిల్ల నెత్తుటి చేతులు కడుక్కుని
అతని చొక్కాకే తుడుచుకునే సీను.
కత్తిరించెయ్యొచ్చు అని నేను రాసిన సీను.

"మా ఆయన నన్ను లారీ ఎక్కించుకుని
వినుకొండ నించి రాత్రికి రాత్రి తీసుకొచ్చాడు బాబూ.
పేట దగ్గర బోరింగు కొట్టి నీళ్లు తాగించాడు.
తడిచేతులు దేనికి తుడుచుకోను? చొక్కాకే.
ఎవర్నీ దోచుకోలేదు గానీ
ఆ రాత్రంతా దొంగల్లానే ఉన్నాం."

తర్వాతేమైందని నేనడగలేదు.
టోకెన్లు దండగా గుచ్చుకుంటూ తనే అంది:
"ఆఖర్న ఇద్దర్నీ కాల్చేశారు.
చంపేస్తే ఏముంది?
బతికాక అద్దె ఎట్టా కట్టారో తియ్యమనండి."

నా ముప్పై ఏళ్ల రాతలో
ఇంత మాట పడలేదు.
ప్యాడ్ తీశాను. ఎవరికి రాయాలి?
అచ్చయిపోయిన చుక్కల్ని దిద్దే రబ్బరు లేదు.

ఆదివారానికి కొత్త పోస్టర్లు వేశారు.
హీరో తల పక్కన, కొటేషన్లలో, నా పేరుతో:
"హీరో నలగలేదు!"
ఆ పోస్టరు నీడలో శౌరమ్మ
ఎవరిదో సైకిలు చెయిను పడిపోతే
మోకాళ్ల మీద కూచుని ఎక్కిస్తోంది.
ఎక్కించి, చేతులు
కొంగుకి తుడుచుకుంది.