వెలుతురుకు పట్టి చూడటం

ముప్పై ఒక్క ఏళ్ళుగా నా పని ఒక్కటే.
కొలిమి దాటి, చల్లారి, బల్ల మీదికొచ్చిన ప్రతి గ్లాసునీ
దీపానికి ఎదురు పట్టి తిప్పడం.
ఆవగింజంత బుడగ కనబడినా
ఎడమచేతి పక్కనున్న డబ్బాలోకి.
ఆ పగిలే చప్పుడుకి నా చెవులు ఎప్పుడో కాయకాచాయి.
నోవీ బోర్‌లో నన్ను డేగకన్ను లిబూషె అంటారు,
ఎదురుగా కాదు, క్యాంటీన్‌లో సూపు తాగుతూ.

అలాంటి నన్ను నవంబరులో ఒక మంగళవారం
లిబెరెత్స్ ఆసుపత్రి చీకటి గదిలో పడుకోబెట్టి,
పక్కటెముకల కింద చల్లటి జెల్లు రాసి,
యిత్కా అనే కుర్రపిల్ల
తెర వైపు చూస్తూ చూస్తూ మాటలు తగ్గించింది.
నాకా మౌనం తెలుసు.
బుడగ దొరికిన క్షణం నేనూ అలాగే ఊపిరి బిగబడతాను.

వెళ్ళింది పిత్తాశయంలో రాళ్ళేమోనని.
రాళ్ళు లేవు.

డాక్టర్ హ్రూబెష్ తెర మీద పెన్ను ఆనించాడు.
"ఎడమ కిడ్నీలో ఇవి రెండూ ఒట్టి నీటితిత్తులు.
గోడ పల్చన, లోపల తేట.
నెరిసిన వెంట్రుకల్లాంటివి, వయసుతో వస్తాయి,
వాటి జోలికి పోం.
కుడివైపు దానికే గోడ కాస్త మందం,
లోపల సన్నటి అడ్డుతెరలు.
మంచిదనడానికి నోరు రావడం లేదు,
చెడ్డదనడానికి ఆధారం లేదు.
ఆరునెలలు చూద్దాం."

చూద్దామా?
నా బల్ల పక్కన చూద్దాం అనే డబ్బా లేదు.
సూదితో గుచ్చి తేల్చరాదా అన్నాను.
ఇలాంటి తిత్తిలో సూది చెప్పే జవాబుని నమ్మలేమన్నాడు.

ఆ చలికాలమంతా రాత్రిళ్ళు
కుడి నడుం మీద అరచెయ్యి వేసుకుని పడుకున్నాను.
నొప్పి లేదు.
నొప్పుంటే తిట్టుకోవడానికైనా ఉండేది.
మా అమ్మ ఎర్రటి మూత్రం పోసి
నేరం బీట్‌రూట్ మీదికి నెట్టింది.
రెండేళ్ళు నెట్టింది.
అమ్మని ఎవరూ వెలుతురుకి పట్టి చూడలేదు.

మే నెలలో మళ్ళీ స్కాన్.
రంగుమందు నరంలోకి ఎక్కగానే
కొలిమి తలుపు తెరిచినట్టు
గొంతు నుంచి తొడల దాకా వేడి.
ఈసారి గోడకి ఒక మూల
పప్పుబద్దంత బొడిపె వెలిగింది.
వెలిగిందంటే రక్తం తాగుతోందని.

"మొత్తం తీసేస్తారా?"
"లేదు, ఆ ముక్కే. మిగతాది మీకింకా పనికొస్తుంది."
కిడ్నీకి రక్తం ఆపి, కోసి, కుట్టి, మళ్ళీ వదలాలట,
ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో.
కొలిమి బయటికొచ్చిన గాజుకీ గడువే,
ఆ గడువు దాటితే చెయ్యి మాట వినదు అన్నాను.
అతను కాగితం మీద ఏదో రాసుకున్నాడు.
అదేమిటో నాకు చూపించలేదు.

కాన్సరే. చిన్నది.
అంచులు శుభ్రం అని రాశారు.
ఆ రెండు మాటలూ
నా భర్త వెండెలీన్ వీధి చివరి బేకరీలో కూడా చదివి వినిపించాడు.

సెప్టెంబరులో పనిలోకి వచ్చాను.
నేర్చుకుంటున్న పిల్ల రాద్కా
అంచు దగ్గర బుడగున్న గ్లాసు పట్టుకుని
దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.
పాపం, నాకేదో గుర్తొస్తుందనుకుంది.
"వెయ్యి" అన్నాను.
"గాజుకి ఆరునెలల తర్వాత అంటూ ఏమీ ఉండదు."
వేసింది.
ఈమధ్య ఆ చప్పుడు నాకు వినిపిస్తోంది.

వంటింటి కాలెండరులో
మార్చి పద్నాలుగు చుట్టూ వెండెలీన్ పెన్సిలు సున్నా చుట్టాడు,
వచ్చే స్కాన్‌కి.
గీసేటప్పుడు చెయ్యి వణికినట్టుంది,
కొసలు కలవలేదు, ఒక పక్క నొక్కుకుపోయింది.
నా బల్ల మీదికొస్తే
దాన్ని దాటనిచ్చేదాన్ని కాదు.